దారి ఎవరిది: సాఫ్ట్‌బాల్‌లో అడ్డగింత నిబంధన కథ

సాఫ్ట్‌బాల్‌లో బేస్‌ల మధ్య దారి రన్నర్‌ది. చేతిలో బంతి లేకుండా, బ్యాటర్ కొట్టిన బంతిని అందుకునే పనిలో కూడా లేకుండా ఒక ఫీల్డర్ ఆ దారిలో నిలబడి రన్నర్‌ను ఆపితే అది అడ్డగింత. ఆపనక్కర్లేదు, అడుగు తడబడేలా చేసినా, చుట్టు తిరిగి పోయేలా చేసినా అడ్డగింతే. మైదానంలో దీన్ని అబ్‌స్ట్రక్షన్ అంటారు. ఒళ్లూ ఒళ్లూ తగలాల్సిన పని లేదు. ఫీల్డర్‌కు చెడు ఉద్దేశం ఉందా లేదా అని అంపైర్ ఆరా తీయనక్కర్లేదు. ఇవాళ ఇంత సూటిగా కనిపించే ఈ నియమం ఈ రూపానికి రావడానికి సుమారు 150 ఏళ్లు పట్టింది. ఆ ప్రయాణమంతా ఒక్క ప్రశ్న చుట్టూ సాగింది: అంపైర్ చూడాల్సింది ఫీల్డర్ మనసునా, ఫీల్డర్ గ్లోవ్‌నా?

తెలుగువారికి ఈ మాట దగ్గరే మొదటి చిక్కు వస్తుంది. క్రికెట్ చూసి పెరిగిన చెవికి అబ్‌స్ట్రక్షన్ అనగానే బ్యాటర్ చేసే తప్పు గుర్తొస్తుంది. 1951లో ఓవల్ మైదానంలో దక్షిణాఫ్రికా వికెట్ కీపర్ రస్సెల్ ఎండీన్ క్యాచ్ పట్టబోతుండగా, పైకి లేచిన బంతిని ఇంగ్లండ్ బ్యాటర్ లెన్ హటన్ బ్యాటుతో తోశాడు. ఫీల్డింగ్‌కు అడ్డుపడ్డాడని అతన్ని అవుట్‌గా ప్రకటించారు. టెస్టుల్లో అలా అవుటైన తొలి బ్యాటర్ అతనే. సాఫ్ట్‌బాల్‌లో లెక్క తిరగబడుతుంది. బ్యాటింగ్ జట్టు ఫీల్డర్‌కు అడ్డుపడితే దాని పేరు ఇంటర్‌ఫియరెన్స్. ఫీల్డర్ రన్నర్‌కు అడ్డుపడితేనే అబ్‌స్ట్రక్షన్. కొత్తగా అంపైరింగ్ నేర్చుకునేవారు ముందుగా ఈ రెండు పేర్లనూ విడదీసి పెట్టుకోవాలి. పేరు తారుమారైతే శిక్ష కూడా తారుమారవుతుంది. మొదటిదానిలో బంతి అక్కడికక్కడే నిర్జీవం, అంటే ఆట ఆగిపోతుంది, సాధారణంగా ఒకరు అవుట్. రెండోదానిలో బంతి సజీవంగానే ఉంటుంది, అడ్డుపడినందుకు ఎవరూ అవుట్ కారు.

చరిత్రలో ముందు రాతకెక్కింది రన్నర్ తప్పే. న్యూయార్క్‌లోని నికర్‌బాకర్ క్లబ్ 1845లో రాసుకున్న బేస్‌బాల్ నియమాల్లో, ఎదుటివాడు బంతి పట్టకుండా అడ్డుపడిన రన్నర్ అవుటని ఉంది. ఫీల్డర్ రన్నర్‌కు అడ్డుపడితే ఏం చేయాలన్న ఊసు అందులో లేదు. పెద్దమనుషులు సరదాకు ఆడుకునే ఆటలో ఆ అవసరం వస్తుందని ఎవరూ అనుకుని ఉండరు. పందేలూ పట్టుదలలూ పెరిగాక అవసరం వచ్చింది. 1850ల చివరికల్లా క్లబ్బులన్నీ కూడి రాసుకున్న నిబంధనల్లో రెండో వైపు కూడా చేరింది: ఎదుటివాడు కావాలని అడ్డుపడి రన్నర్‌ను బేస్ చేరనివ్వకపోతే ఆ బేస్ రన్నర్‌కే చెందుతుంది, అవుట్ చెల్లదు. ఇవాళ్టి నియమానికి బీజం ఇదే. అందులో ‘కావాలని’ అన్న ఒక్క మాట తర్వాతి తరాల అంపైర్లకు గుదిబండ అయింది.

కావాలని చేశాడని రుజువేమిటి? మొదటి బేస్ దగ్గర నిలబడ్డవాడు బంతి ఎటు పోయిందో చూస్తున్నానంటాడు. మూడో బేస్ దగ్గరివాడు కాలు జారిందంటాడు. పైగా ఆ రోజుల్లో మైదానమంతటికీ ఒక్కరే అంపైర్. బంతి అవుట్‌ఫీల్డ్‌కు పోతే ఆయన కళ్లూ దాని వెంటే పోయేవి. ఆయన వెనక ఏం జరిగినా చూసే దిక్కు లేదు. 1890లలో బాల్టిమోర్ ఓరియోల్స్ జట్టు ఈ సందును బాగా వాడుకుంది. ఆ జట్టులో మూడో బేస్ దగ్గర ఆడిన జాన్ మెక్‌గ్రా, పరుగు తీయబోయే రన్నర్ నడుం బెల్టును వెనక నుంచి పట్టుకుని ఒక్క క్షణం ఆపేవాడన్న పేరు తెచ్చుకున్నాడు. ఒక రన్నర్ ముందే బెల్టు విప్పి ఉంచుకుని, మెక్‌గ్రా చేతిలో దాన్ని వదిలేసి హోమ్‌కు పరుగెత్తాడన్న కథ బేస్‌బాల్ లోకంలో ఇప్పటికీ చెప్పుకుంటారు. కథలో నిజం ఎంతైనా, ఒక్క క్షణం ఆపితే చాలన్న లెక్క మాత్రం నిజం. అడ్డగింత నియమం కాపాడేది ఆ ఒక్క క్షణాన్నే.

సాఫ్ట్‌బాల్ పుట్టుక ఆ క్షణానికి ఇంకా విలువ పెంచింది. 1887 నవంబరులో, థాంక్స్‌గివింగ్ పండుగ రోజున, షికాగోలోని ఫారగట్ బోట్ క్లబ్‌లో కొందరు యువకులు యేల్, హార్వర్డ్ విశ్వవిద్యాలయాల ఫుట్‌బాల్ ఫలితం కోసం ఎదురుచూస్తున్నారు. కబురు అందాక ఉత్సాహంలో ఒకరు బాక్సింగ్ గ్లోవ్ విసిరితే మరొకరు కర్రతో కొట్టారు. అది చూసిన జార్జ్ హాంకాక్ గ్లోవ్‌ను తాళ్లతో బిగించి బంతిలా చేసి, హాలు నేల మీద సుద్దతో బేస్‌లు గీసి ఆట కట్టాడు. నాలుగు గోడల మధ్య ఆడే ఆట కాబట్టి కొలతలన్నీ కుదించక తప్పలేదు. 1895లో మినియాపొలిస్‌లో లూయిస్ రోబర్ అనే అగ్నిమాపక ఉద్యోగి, తన తోటివారికి ఖాళీ సమయంలో వ్యాయామం కావాలని, ఇలాంటి ఆటనే స్టేషన్ పక్కన ఆరుబయట ఆడించాడు. 1926లో వాల్టర్ హకన్సన్ సాఫ్ట్‌బాల్ అన్న పేరు సూచించాడు. 1933 షికాగో ప్రపంచ ప్రదర్శనలో పెద్ద టోర్నమెంట్ జరిగింది. ఆ ఏడే అమెరికాలో అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ ఏర్పడింది. దేశమంతటికీ ఒకే నిబంధనావళి కోసం మరుసటి ఏడాది సంయుక్త సంఘం కూర్చుంది. అంతర్జాతీయ సమాఖ్య 1952లో వచ్చింది. మహిళల తొలి ప్రపంచ పోటీ 1965లో మెల్‌బోర్న్‌లో జరిగింది. ఆస్ట్రేలియా గెలిచింది.

ఈ వంశవృక్షంలో అంపైర్‌కు పనికొచ్చే సంగతి కొలతల్లో ఉంది. బేస్‌బాల్‌లో బేస్‌కూ బేస్‌కూ మధ్య 90 అడుగులు, సాఫ్ట్‌బాల్‌లో 60 అడుగులు. అంటే 18.29 మీటర్లు. బాగా పరుగెత్తే అమ్మాయి మూడు సెకన్లకు అటూ ఇటూగా దాన్ని దాటేస్తుంది. ఇన్‌ఫీల్డ్‌లో దొర్లిన బంతిని పట్టి మొదటి బేస్‌కు విసరడానికి కూడా దాదాపు అంతే పడుతుంది. అవుట్‌కూ సేఫ్‌కూ మధ్య తేడా ఒక్క అడుగు. ఆ అడుగును ఫీల్డర్ తన శరీరంతో దొంగిలిస్తే, మంచి త్రో అవసరం లేకుండానే అవుట్ దొరుకుతుంది. చిన్న మైదానంలో మనుషులు దగ్గరదగ్గరగా ఉంటారు, ఢీకొనే అవకాశమూ ఎక్కువే. మొదటి బేస్ దగ్గర ఫీల్డర్ కాలూ రన్నర్ కాలూ ఒకే బేస్ మీద పడకుండా పక్కపక్కనే రెండు బేస్‌లు పెట్టే పద్ధతి సాఫ్ట్‌బాల్‌లో స్థిరపడటానికి కారణం అదే. తెల్లది ఫీల్డర్‌కు, గీత బయట ఉండే నారింజ రంగుది రన్నర్‌కు.

ఇరవయ్యో శతాబ్దంలో ‘కావాలని’ అన్న మాట క్రమంగా వెనక్కు తగ్గింది. దాని స్థానంలో వచ్చిన మాట కూడా తక్కువ చిక్కులు పెట్టలేదు. బంతి చేతిలో ఉన్న ఫీల్డర్‌కు దారిలో నిలబడే హక్కు ఉందన్నారు, బాగుంది. బంతి అందుకోబోతున్న ఫీల్డర్‌కూ ఆ హక్కు ఉందన్నారు. అందుకోబోవడం అంటే ఎప్పటి నుంచి? బంతి విసిరిన చేతిని వదిలినప్పటి నుంచా, సగం దూరం వచ్చాకనా, గ్లోవ్‌కు ఒక గజం దూరంలో ఉన్నప్పుడా? కొందరు అంపైర్లు బంతి రన్నర్‌కన్నా ఫీల్డర్‌కు దగ్గరగా ఉందా అని కొలత పెట్టుకున్నారు. కొందరు తమ అనుభవాన్నే నమ్ముకున్నారు. ఒకే ఆటను ఇద్దరు అంపైర్లు రెండు రకాలుగా పలికేవారు. బ్యాటర్ వెనక ఉండే క్యాచర్లు ఈ సందులో ఒక విద్యే నేర్చారు. బంతి ఇంకా అవుట్‌ఫీల్డ్ నుంచి బయల్దేరుతుండగానే హోమ్ ప్లేట్ ముందు మోకాలు దించి గోడలా కూర్చునేవారు. రన్నర్‌కు మిగిలింది ఢీకొట్టడమో, చుట్టు తిరగడమో.

2004లో అమెచ్యూర్ సాఫ్ట్‌బాల్ అసోసియేషన్ ‘అందుకోబోతున్న’ అన్న ఆ మాటను తీసేసింది. అప్పటి నుంచి బంతి చేతిలో ఉండాలి, లేదా కొట్టిన బంతిని అందుకునే పనిలో ఉండాలి. రెండూ లేకపోతే దారి ఇవ్వాలి. అంతర్జాతీయ నిబంధనలూ ఇదే మాట చెబుతాయి. అసలు త్రో అందుకోవాలంటే ఎక్కడో ఒకచోట నిలబడాలి కదా అని క్యాచర్లూ శిక్షకులూ అభ్యంతరం చెప్పారు. అందులో కొంత న్యాయం లేకపోలేదు. గాలికి పక్కకు కొట్టుకుపోయిన త్రో కోసం అడుగు వేసిన ఫీల్డర్ రన్నర్ దారిలోకి వస్తే, ఆమె ఏ తప్పూ చేయకుండానే అడ్డగింతకు బాధ్యురాలవుతుంది. అయినా మార్పు సరైనదే. బంతి గ్లోవ్‌లో ఉందా లేదా అన్నది కంటికి కనిపించే సంగతి, రాబోతోందా అన్నది ఊహ. తీర్పు కంటికి కనిపించేదాని మీద నిలబడితే ఇద్దరు అంపైర్లు ఒకే మాట చెప్పగలుగుతారు. అడ్డగింతకు శిక్ష కూడా ఫీల్డర్ మీద పడేది కాదు, రన్నర్‌కు పోయినదాన్ని తిరిగి ఇచ్చేది మాత్రమే. శిక్ష కానిచోట ఉద్దేశం వెతకాల్సిన పని లేదు.

బేస్‌బాల్ ‘అందుకోబోతున్న’ అన్న పాత మాటను పూర్తిగా వదులుకోలేదు, కానీ ఉద్దేశంతో పని లేదన్న సూత్రం అక్కడ లక్షల మంది ముందు రుజువైంది. 2013 అక్టోబరు 26, సెయింట్ లూయిస్, అమెరికా బేస్‌బాల్ తుది పోరైన వరల్డ్ సిరీస్‌లో మూడో ఆట. తొమ్మిదో ఇన్నింగ్స్, స్కోరు 4-4. హోమ్ దగ్గర ఒకరిని అవుట్ చేసిన బోస్టన్ క్యాచర్ మూడో బేస్‌కు విసిరిన బంతి, ఫీల్డర్ విల్ మిడిల్‌బ్రూక్స్‌ను దాటి పోయింది. బంతి కోసం దూకిన అతను నేల మీద పడి ఉన్నాడు. మూడో బేస్ దగ్గర లేచి హోమ్ వైపు పరుగెత్తబోయిన సెయింట్ లూయిస్ రన్నర్ అలెన్ క్రెయిగ్ అతని కాళ్లకు తగిలి తూలాడు. మూడో బేస్ అంపైర్ జిమ్ జాయిస్ వెంటనే అడ్డగింత సూచించాడు. బంతి తిరిగి హోమ్‌కు రాగా, దానితో క్రెయిగ్‌ను తాకి ట్యాగ్ చేశారు కూడా. ప్లేట్ అంపైర్ డానా డిముత్ మాత్రం సేఫ్ అన్నాడు. ఆట 5-4తో ముగిసింది. అడ్డగింత తీర్పుతో ముగిసిన తొలి వరల్డ్ సిరీస్ ఆట అదే. మిడిల్‌బ్రూక్స్ కావాలని చేయలేదని అందరూ ఒప్పుకుంటారు. తీర్పు తప్పని నిబంధన తెలిసినవారెవరూ అనలేరు. పడిపోయిన ఫీల్డర్ బంతి పోయాక ఆ చోటికి హక్కుదారు కాడు.

హోమ్ ప్లేట్ దగ్గర మాత్రం బేస్‌బాల్ ఆలస్యంగా మేల్కొంది. 2011 మే 25న శాన్ ఫ్రాన్సిస్కో క్యాచర్ బస్టర్ పోసీని రన్నర్ స్కాట్ కజిన్స్ ఢీకొట్టాడు. పోసీ కాలు విరిగి ఆ సీజన్ మొత్తం ఆటకు దూరమయ్యాడు. 2014లో ప్లేట్ దగ్గర ఢీకొట్టడాన్నీ, బంతి లేకుండా దారి మూయడాన్నీ కట్టడి చేసే నియమం వచ్చింది. సాఫ్ట్‌బాల్ ఆ విషయంలో ముందే ఉంది.

నియమం ఇలా ఉంటే, అంపైర్ దాన్ని అమలు చేయడం వేరే విద్య. అందులో మొదటి మెట్టు చూపు. బంతి వెంట చూపు పోవడం మనిషికి సహజం. ప్రేక్షకులందరూ అదే చేస్తారు. అంపైర్ మాత్రం బంతి కొట్టిన మరుక్షణం దాని దిశ గ్రహించి, చూపును రన్నర్ మీదికీ బేస్ మీదికీ తిప్పుకోవాలి. బంతి అవుట్‌ఫీల్డ్‌కు పోతే బేస్ అంపైర్ ఇన్‌ఫీల్డ్ లోపలికి రావాలి, బంతి లోపలే ఉంటే బయట ఉండాలి అన్న శిక్షణ సూత్రం ఇందుకే పుట్టింది. బంతి, ఫీల్డర్, రన్నర్, బేస్ నాలుగూ ఒకే చూపులో ఇమిడే చోటు వెతుక్కోవాలి. అడ్డగింతలు ఎక్కువగా జరిగేది మొదటి బేస్ లోపలి మూల దగ్గర, రన్నర్ మలుపు తిరిగేచోట. అక్కడి ఫీల్డర్‌కు ఆ క్షణంలో పనేమీ ఉండదు, నిలబడి బంతిని చూస్తుంటుంది. ఆమె పనిలేకుండా నిలబడటమే ఇబ్బంది.

రెండో మెట్టు, రెండు సంగతులు కలిశాయో లేదో చూడటం. ఫీల్డర్ బంతి లేకుండా దారిలో ఉండాలి, అందువల్ల రన్నర్‌కు నిజంగా ఆటంకం కలగాలి. ఒక్కటే ఉంటే అడ్డగింత కాదు. క్యాచర్ ప్లేట్ ముందు నిలబడి ఉన్నా, రన్నర్ ఇంకా ఆరేడు అడుగుల దూరంలో పూర్తి వేగంతో వస్తుండగానే బంతి గ్లోవ్‌లో పడితే, అక్కడ తప్పేమీ లేదు. అదే రన్నర్ క్యాచర్‌ను చూసి అడుగు కుదించాక, పక్కకు వంగాక బంతి వచ్చిందంటే ఆటంకం అప్పటికే జరిగిపోయింది, ఆ తర్వాత ట్యాగ్ ఎంత అందంగా ఉన్నా లాభం లేదు. అడుగు కుదించడం, భుజం తిప్పడం, చేతులు ముందుకు రావడం, ఇవే అంపైర్‌కు సాక్ష్యాలు. వీటిని పట్టుకోవాలంటే రన్నర్ వెనక నుంచి చూస్తే కుదరదు. పక్క నుంచి, ఇద్దరి మధ్య ఖాళీ కనిపించే కోణంలో చూడాలి.

మూడోది సైగ. ఎడమ చేయి భుజం ఎత్తున పక్కకు చాచి, పిడికిలి బిగించి, అడ్డగింత అని పలకాలి. ఆట ఆగదు. దీన్ని ఆలస్యంగా నిర్జీవమయ్యే బంతి అంటారు. ఇక్కడే కొత్త అంపైర్లు తడబడతారు. తప్పు కనిపించగానే ఆట ఆపేయాలనిపిస్తుంది. ఆపితే నష్టపోయేది అడ్డగింతకు గురైన జట్టే. రన్నర్ తూలినా నిలదొక్కుకుని మరో బేస్ చేరవచ్చు, వెనకున్న రన్నర్లూ ముందుకు రావచ్చు. అందుకే చేయి చాచి ఆట సాగనివ్వాలి. సైగ చేయకుండా మనసులో పెట్టుకుని, రన్నర్ అవుటయ్యాక అడ్డగింత అనడం మరీ ప్రమాదం. ఎదుటి జట్టుకు అది అప్పటికప్పుడు పుట్టించిన తీర్పులా కనిపిస్తుంది.

నాలుగోది, అన్నింటికన్నా కష్టమైనది, లెక్క కట్టడం. అడ్డు లేకపోతే రన్నర్ ఏ బేస్ చేరేది? అడ్డగింత జరిగిన క్షణంలో బంతి ఎక్కడుంది, అవుట్‌ఫీల్డర్ చేతి బలమెంత, రన్నర్ ఎంత వేగంగా వస్తోంది, ఇవన్నీ ఆ క్షణంలోనే తూచి, ఒక బేస్ వరకు ఆమెకు రక్షణ ఉందని నిర్ణయించుకోవాలి. ఎడమ, మధ్య ఫీల్డర్ల నడుమ నుంచి బంతి కంచెదాకా దొర్లిందనుకుందాం. మొదటి బేస్ దగ్గర తగిలి తూలిన రన్నర్ రెండో బేస్ దగ్గర ఆగిపోయింది. అడ్డు లేకపోతే మూడో బేస్ చేరేదే అని అంపైర్ నమ్మితే, ఆట ముగిశాక మూడో బేస్ ఇవ్వాలి. అదే బంతి అవుట్‌ఫీల్డర్ ముందే పడిన మామూలు సింగిల్ అయి, తగిలిన రన్నర్ కోపంతో రెండో బేస్ వైపు పరుగెత్తి మధ్యలో ట్యాగ్ అయితే అవుట్ కాదు. అడ్డగింత జరిగిన రెండు బేస్‌ల మధ్య ఆమెను అవుట్ చేయలేరు. కానీ రెండో బేస్ ఆమెకు దక్కదు, మొదటి బేస్‌కు తిరిగి వెళ్లాలి. రెండో బేస్ దాకా మాత్రమే రక్షణ ఉన్న రన్నర్ దాన్ని దాటి మూడో బేస్‌కు వెళ్తూ అవుటైతే ఆ అవుట్ చెల్లుతుంది. ప్రతి అడ్డగింతకూ ఒక బేస్ ఉచితంగా వస్తుందన్న అపోహ ఆటగాళ్లలోనూ శిక్షకుల్లోనూ గట్టిగా పాతుకుపోయి ఉంది. బేస్‌బాల్‌లో, రన్నర్ మీద ఆట జరుగుతుండగా అడ్డుపడితే కనీసం ఒక బేస్ ఇచ్చే నియమం ఉంది. ఈ అపోహ అక్కడి నుంచి వచ్చినట్టుంది. సాఫ్ట్‌బాల్‌లో బహుమతి లేదు, పోయినది తిరిగి ఇవ్వడమే ఉంది.

రక్షణ ఉన్నంత మాత్రాన రన్నర్‌కు అన్నీ చెల్లవు. బేస్ తొక్కకుండా దాటినా, గాల్లో బంతి పట్టకముందే బేస్ వదిలినా, ముందున్న రన్నర్‌ను దాటిపోయినా, తానే ఫీల్డర్‌కు అడ్డుపడినా అవుటే. చేతిలో బంతితో ఎదురుచూస్తున్న ఫీల్డర్‌ను నిలువునా వెళ్లి ఢీకొట్టడం కూడా అంతే. మొరటుతనం శ్రుతి మించితే ఆట నుంచి పంపేయవచ్చు.

దారి రన్నర్‌దన్న సూత్రానికి పెద్ద మినహాయింపు బ్యాటర్ కొట్టిన బంతి. దాన్ని అందుకోబోయే ఫీల్డర్ దారిలోకి వచ్చినా రన్నరే తప్పుకోవాలి. ఫీల్డర్ చేతి నుంచి బంతి జారి, ఒక అడుగు వేసి చేయి చాచినా అందనంత దూరం పోయిందంటే ఆ హక్కు కూడా జారిపోయినట్టే. ఒకే ఫీల్డర్, ఒకే చోట, అర సెకను తేడాలో హక్కుదారు నుంచి ఆటంకంగా మారిపోతుంది. ఈ మార్పును పట్టుకోగలిగిన అంపైర్‌ను మంచి అంపైర్ అనవచ్చు. క్యాచర్ తన గ్లోవ్‌తో బ్యాటును తాకి బ్యాటర్‌ను కొట్టనివ్వకపోవడం అడ్డగింతలో మరో రకం. అక్కడ బ్యాటింగ్ జట్టుకు ఎంపిక ఉంటుంది: ఆట ఫలితం తీసుకోవచ్చు, లేదా బ్యాటర్‌ను మొదటి బేస్‌కు పంపవచ్చు. బంతి లేకుండానే ట్యాగ్ చేస్తున్నట్టు నటించి రన్నర్‌ను ఆపడమో, జారి పడేలా చేయడమో కూడా అడ్డగింతే. అలా జారబోయి చీలమండలు విరగ్గొట్టుకునే ప్రమాదం ఉంది కాబట్టి దీన్ని కఠినంగా చూడాలి.

నటన దగ్గర క్రికెట్ మళ్లీ గుర్తొస్తుంది. బంతి చేతిలో ఉన్నట్టు నటించి బ్యాటర్‌ను మోసగించడాన్ని క్రికెట్ నిబంధనలు 2017లో నేరం చేశాయి. శిక్ష ఐదు పరుగులు. ఆ ఏడాదే ఆస్ట్రేలియా దేశవాళీ పోటీలో మార్నస్ లబుషేన్ మీద అది తొలిసారి పడింది. అక్కడ ఫీల్డర్ కావాలని చేశాడని అంపైర్ నమ్మాలి. 2015 జూన్‌లో మీర్పూర్‌లో బంగ్లాదేశ్ బౌలర్ ముస్తాఫిజుర్ పరుగు దారిలో నిలబడితే ధోనీ అతన్ని భుజంతో తోసుకుపోయాడు. ధోనీ మ్యాచ్ ఫీజులో 75 శాతం, ముస్తాఫిజుర్ ఫీజులో 50 శాతం కోత పడింది. అదే సంఘటన సాఫ్ట్‌బాల్ మైదానంలో జరిగి ఉంటే అంపైర్ ఎడమ చేయి ఆ క్షణంలోనే లేచేది. జరిమానాల ఊసు లేకుండానే పరుగు లెక్క తేలిపోయేది.

ఇలాంటి పోలికలు అండమాన్ దీవుల్లోని రంగత్‌లో, వేర్వేరు ఆటలు ఆడి పెరిగిన పిల్లలకు సాఫ్ట్‌బాల్ నేర్పేవారికి మరీ అవసరం. ఉత్తర, మధ్య అండమాన్ జిల్లాలోని ఈ ఊరు, ఇప్పుడు శ్రీ విజయపురంగా పేరు మారిన పోర్ట్‌బ్లెయిర్ నుంచి అండమాన్ ట్రంక్ రోడ్డు మీద సుమారు 170 కిలోమీటర్ల దూరం. దేశ విభజన తర్వాత తూర్పు బెంగాల్ నుంచి వచ్చిన కుటుంబాలు, అడవి పనులకు వచ్చిన రాంచీవారు, తమిళులు, తెలుగువారు కలిసి పెరిగిన ప్రాంతమిది. 2011 జనాభా లెక్కల ప్రకారం ఈ దీవుల్లో 28 శాతానికి పైగా బెంగాలీ మాట్లాడతారు, 15 శాతం తమిళం, 13 శాతం తెలుగు. ఇక్కడి మైదానాలకు బాగా అలవాటైన ఆటలు వేరు. ఫుట్‌బాల్ ఆడిన పిల్లకు, బంతి దగ్గర్లో లేకుండా ఎదుటివారి దారికి అడ్డుపడితే ఫౌల్ అని తెలుసు. బంతి అందేంత దూరంలో ఉంటే మాత్రం ఒంటితో కాచుకోవచ్చని కూడా తెలుసు. ఆ అలవాటుతో సాఫ్ట్‌బాల్‌కు వస్తే, బంతి వస్తోంది కదా అని దారిలో నిలబడుతుంది. శ్రీకాకుళం, విశాఖ తీరాల నుంచి వలస వచ్చిన ఇళ్లలో చెడుగుడు ఆడి పెరిగిన పిల్లకైతే, ఎదుటివాణ్ణి గీత దాటి పోనివ్వకపోవడమే ఆట. కాలు పట్టి ఆపడం, గొలుసు కట్టి దారి మూయడం ఆమెకు నైపుణ్యం. క్రికెట్ ఆడినవారు అడ్డుపడటమంటే బ్యాటర్ చేసే తప్పనుకుంటారు. తప్పు పిల్లలది కాదు. ఒక్కో ఆట దారిని ఒక్కొక్కరికి రాసిచ్చింది.

తెలుగు నేల మీద సాఫ్ట్‌బాల్ పాఠశాల క్రీడలతో, అంతర్ విశ్వవిద్యాలయ పోటీలతో నిలదొక్కుకుంది. అనంతపురం, నిజామాబాద్ వంటి చోట్ల అమ్మాయిలు దాన్ని పట్టుదలగా ఆడుతున్నారు. అక్కడైనా, దీవుల్లోనైనా బడి స్థాయి ఆటకు తరచుగా ఇద్దరు అంపైర్లు, ఒక్కోసారి ఒక్కరే. 1890ల నాటి ఒంటరి అంపైర్ కష్టం ఇక్కడ ఇంకా తీరలేదు. ఒక్కరే ఉన్నప్పుడు అన్నీ చూడటం సాధ్యం కాదు కాబట్టి, అడ్డగింత జరిగే చోట్లను ముందే ఎంచుకుని చూపును అక్కడికి తిప్పడం అలవాటు చేసుకోవాలి: రన్నర్ మొదటి బేస్ మలుపు తిరిగేటప్పుడు ఒకసారి, హోమ్‌కు త్రో వస్తున్నప్పుడు మరోసారి.

ఆ ఎడమ చేయి సైగ కూడా ఇలాంటి ఊళ్లలో రెట్టింపు పని చేస్తుంది. ఒకే జట్టులో బెంగాలీ, తమిళం, తెలుగు, రాంచీవారి సాద్రీ మాట్లాడే పిల్లలున్నచోట అంపైర్ అరిచిన మాట అందరికీ ఒకేలా అందదు. చాచిన చేయి అందరికీ ఒకేలా కనిపిస్తుంది. కాబట్టి రంగత్‌లోనైనా మరెక్కడైనా, తొలి బంతి వేయకముందే రెండు జట్ల మొదటి బేస్ ఫీల్డర్లనూ క్యాచర్లనూ పిలిచి, వారికి వచ్చిన భాషలో రెండు నిమిషాలు చెప్పండి. బంతి గ్లోవ్‌లో లేనప్పుడు ఎక్కడ నిలబడాలో బేస్ దగ్గరికి తీసుకెళ్లి చూపించండి. ఆ చేయి చాచి, దీని అర్థం ఇదీ అని ఒక్కసారి చూపించండి.